మా అమ్మమ్మ గుంజుకున్న పిస్తోలు

మా ఇంట్లో ఒక పిస్తోలు ఉంది. వినగానే ఉలిక్కిపడనక్కర్లేదు, అది పేలదు. ఠాణాకు పట్టుకెళ్లి చూపించాను. తిప్పి తిప్పి చూసి నవ్వుకున్నారు. వాళ్లు నవ్వుకుంటే నాకేం, పనికిరాని పాత వస్తువని రాసిచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. కాగితం లేకుండా అలాంటి వస్తువును ఇంట్లో ఉంచుకునే మనిషిని కాను.

ఎందుకంటే నా బతుకే కాగితాలు. కోదాడలో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా కూర్చుని దస్తావేజులు రాస్తాను. మొదట్లో చేత్తో రాశాను, తర్వాత టైపు మిషన్ మీద కొట్టాను, ఇప్పుడు కంప్యూటర్. ఆడమనిషి దస్తావేజులు రాయడమేమిటని పక్క బల్లల వాళ్లు తొలి రోజుల్లో వెక్కిరించారు. ఇప్పుడు ఆ మనుషులే తమకు తెగని సంగతులు అడగడానికి నా దగ్గరికి వస్తారు. రానీ, చెప్తాను. ఆ వెక్కిరింత మాత్రం మర్చిపోలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. చదువు రాని మనిషి చేత వేలిముద్ర వేయించే ముందు, కాగితంలో ఏముందో మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాలి. 'చదివి వినిపించగా విని, సమ్మతించి వేసిన వేలిముద్ర' అని కింద రాస్తాం. చాలామంది ఆ వాక్యం రాస్తారు గానీ చదవరు. తొందరంటారు, ముసలామెకు ఏం అర్థమవుతుందంటారు. నేను చదువుతాను. బయట ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నా సరే చదువుతాను. ఈ మొండితనం వల్ల కొన్ని గిరాకీలు పోయాయి. పోతే పోయాయి.

ఇక పిస్తోలు సంగతి. జానెడు కంటే కాస్త పొడుగు. నల్లని కొయ్య పిడి, పొట్టి ఇనుప గొట్టం, పైన కోడిపుంజు మెడలా వంగిన చిన్న సుత్తి. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు దూర్చి, పుల్లతో దట్టించి, వెనకాల గోరంత రాగి టోపీ తొడిగితే ఒక్కసారి పేలుతుంది. ఒక్కసారే. మళ్లీ పేలాలంటే మళ్లీ మొదటి నుంచి అంతా చేయాలి. మా ఇంట్లో దాన్ని 'మూగది' అంటాం. మా అమ్మమ్మ చేతికి వచ్చాక అది మళ్లీ నోరు తెరవలేదు.

మాది తుంగతుర్తి వైపు ఊరు, గొర్రెల కాపరులం. మా అమ్మమ్మ వయసులో ఉన్నప్పుడు ఊరంతా ఒక దొర చెప్పుచేతల్లో ఉండేది. పండుగ వస్తే దొర ఉండే గడీకి ఒక పొట్టేలు పోవాలి. ఇస్తారా అని అడగడం ఉండదు, తోలాలి అంతే. తాత మందను తీసుకుని దూరం మేపుకు పోయేవాడు. కొన్ని గొర్రెలతో, చంకలో పిల్లతో అమ్మమ్మ ఊళ్లో ఉండేది. ఆ చంకలో పిల్ల మా అమ్మ.

ఒకనాడు పొద్దున్నే దొర తనే మంద దగ్గరికి వచ్చాడు. వెంట ఒక జీతగాడు. దొర వేలు చూపించింది విత్తనం పొట్టేలు మీద. మందకు అదొక్కటే. దాన్ని తోలుకుపోతే మరుసటేడు పిల్లలుండవు. ఇంకోటి తీసుకొమ్మని అమ్మమ్మ అంది, అదే కావాలని దొర అన్నాడు, ఇయ్యనని ఆమె అంది. ఆ మాట ఆ ఊళ్లో అంతకు ముందు ఎవరూ ఆయన ముఖం మీద అనలేదట. దొర నడుములోంచి ఈ పిస్తోలు తీశాడు. చంకలో పిల్ల ఉందని కూడా చూడకుండా, అమ్మమ్మ తల పక్కగా పెట్టి పేల్చాడు, బెదిరించడానికి.

గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. చుట్టుపక్కల ఉన్నవాళ్లు నేలకు కరుచుకుపోయారు. పొగ ఇంకా గాల్లో ఉండగానే మా అమ్మమ్మ ముందుకు నడిచి, దొర మణికట్టు పట్టి మెలిపెట్టి, పిస్తోలు గుంజుకుంది. పొట్టేలును కొమ్ములు పట్టి పడేసి బొచ్చు కత్తిరించే చేతులు ఆమెవి. దొర వట్టి చేతులతో నిలబడ్డాడు. జీతగాడు అటు తిరిగి చెట్ల కేసి చూస్తూ ఉండిపోయాడు.

చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు, నీకు భయం కాలేదా అని. ప్రతిసారీ ఒకే జవాబు.

"భయమెందుకే? గాయిన చెర్వుకాడ పిట్టల్ని కొడ్తుంటె నేను సూసిన గద. ఒకపారి పేల్చిండంటె మల్ల నింపుటానికి మేకను పిండినంతసేపు పడ్తది. గప్పటిదాంక గాయిన గూడ మనసొంటి మనిషే."

ఆ రోజే సామాన్లు మూటగట్టి తాత ఉన్న చోటికి వెళ్లిపోయారు. ఇప్పుడు సాగర్ డ్యామ్ ఉన్న వైపు అడవుల్లో, కృష్ణ ఒడ్డున, చాలాకాలం మందతో తిరిగారు. దొరే ఊరు విడిచి పట్నం చేరాక గానీ తిరిగి రాలేదు. విత్తనం పొట్టేలు కూడా వాళ్లతో వెళ్లింది. మా అమ్మ ఎడమ చెవి మాత్రం ఆ పేలుడుతో పోయింది. ఇప్పుడు ఆమెకు ఎనభై దాటాయి, ఇప్పటికీ కుడి పక్కకు వచ్చి మాట్లాడితేనే వినబడుతుంది.

మూగది గొంగడి ముక్కలో చుట్టి, బొచ్చు కత్తిరించే కత్తెరల పక్కన ఉండేది. దసరాకు కత్తెరలు, కొడవళ్లు, గొడ్డళ్లతో పాటు దాన్నీ బయటికి తీసేవాళ్లం. ఆయుధాలకు పూజ చేసే రోజు కదా, మురికిగా పెడితే ఎలా? అమ్మమ్మ ఉన్నన్నాళ్లు అమ్మమ్మ, తర్వాత అమ్మ, చింతపండూ ఇటుకపొడీ పెట్టి కొబ్బరి పీచుతో దాన్ని బరబరా తోమేవాళ్లు, ఇత్తడి చెంబును తోమినట్టు. తోమి, కడిగి, ఎండలో ఆరబెట్టి, పసుపు కుంకుమ పెడితే తళతళలాడేది. మా అమ్మకు ఆ మెరుపు మీద ఎంత గర్వమో చెప్పలేను.

కథంతా మొదలైంది మా తమ్ముడి ఫోన్ వల్ల. వాడు మిర్యాలగూడలో ఉంటాడు. మేళ్లచెరువు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవరు. లారీ వాడిది కాదు. ఇరవై ఏళ్లుగా వేరేవాడి లారీ తోలుతూ, ఎప్పటికైనా సొంత లారీ మీద అమ్మ పేరు రాయించాలని వాడి కోరిక. ఒక దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు పూజలో ఉన్న మూగదాన్ని ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు. ఆ ఫొటో ఎవరెవరి ఫోన్లలో తిరిగిందో ఏమో, పండుగ వెళ్లిన వారానికి హైదరాబాద్ నుంచి ఒకాయన వాడికి ఫోన్ చేశాడు. పాత తుపాకులు సేకరిస్తాడట. చూడ్డానికి వస్తానన్నాడు.

వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. మా అమ్మకు నమస్కారం పెట్టాడు. చిరాకు పడదామని సిద్ధంగా కూర్చున్న నాకు అవకాశం దొరకలేదు. తెల్లటి గుడ్డ చేతి తొడుగులు వేసుకుని, భూతద్దం తీసి, మూగదాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. కాసేపటికి ఆయన ముఖం పాలిపోయింది.

"అమ్మా, దీన్ని దేంతో తోమారు?"

"చింతపండు, ఇటుకపొడి," అంది మా అమ్మ ఉత్సాహంగా. "ప్రతి దసరాకు. ఎట్ల మెరుస్తుందో సూడు సారూ!"

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆ ఇనుము మీద పనివాడు వేసిన ముదురు గోధుమ రంగు ఉండేదట, సన్నటి తీగలు ఆకులు చెక్కి ఉండేవట. ఆ రంగూ ఆ చెక్కుడూ చూసే కొనేవాళ్లు ముందుగా పడిపోతారట. డెబ్బై దసరాల ఇటుకపొడికి అదంతా అరిగిపోయింది. వినేసరికి మా అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండింది.

"సారూ, మా వస్తువు, మేం తోముకున్నం. మీకోసమని మసి పట్టించి పెడ్తమా?"

"తప్పు పట్టడం లేదమ్మా," అన్నాడు ఆయన. ఆ గొంగడి ముక్కను తీసి వాసన చూశాడు. "ఇది కూడా చెప్పాలి. గొర్రె బొచ్చులో నూనె ఉంటుంది. ఈ ముక్కలో చుట్టి ఉంచారు కాబట్టే గొట్టం లోపల తుప్పు లేదు. హైదరాబాదులో అద్దాల బీరువాల్లో పెట్టినవాటికి కూడా పట్టేసింది."

మా అమ్మ కొంచెం కోలుకుంది.

ఆయన ఆ వస్తువు గురించి చెప్తుంటే, నిజం ఒప్పుకోవాలి, నేను నోరు తెరుచుకుని విన్నాను. ఇప్పటి తుపాకులు మిషన్ మీద వేలకు వేలు వస్తాయి, దేని ముక్క అయినా దేనికైనా పడుతుంది. ఇది ఒక మనిషి ఆకురాయితో నెలల తరబడి కూర్చుని చేసింది, దీని మర ఇంకో పిస్తోలుకు పట్టదు. రెండో గుండుకు దిక్కు లేదు కాబట్టి పనివాడు ప్రాణమంతా ఆ ఒక్క గుండు మీదే పెట్టేవాడట. మందు చెమ్మగిల్లినా, టోపీ జారినా పట్టుకున్నవాడి పని అయిపోయినట్టే. "అందుకేనమ్మా మా లాంటివాళ్లకు ఈ ఒంటి గుండు పిస్తోళ్లంటే పిచ్చి," అన్నాడు. ఆయన పిచ్చి నిజమైనదే. దొంగ ముఖాలను రోజుకు పది చూస్తాను నేను, ఆయనది దొంగ ముఖం కాదు.

అప్పుడు సంచిలోంచి ఒక చెక్కపెట్టె తీసి మూత తెరిచాడు. లోపల ఎర్రటి మఖమల్ గుడ్డ. అందులో ఒక పిస్తోలు పడుకుని ఉంది, అచ్చం మా మూగదే, కాకపోతే ముదురు రంగుతో, తీగలూ ఆకులతో. దాని పక్కన ఇంకో గుంట ఖాళీగా ఉంది.

ఇలాంటివి జంటగా చేసేవాళ్లట. ఒకటి పేలాక రెండోది అందుకోవడానికి. దొర తాత ఈ జంటను సీమ నుంచి, అంటే ఇంగ్లండు నుంచి, తెప్పించాడట. దొర మనుమడు సూర్యాపేటలో ఉంటున్నాడు, పెట్టెను, ఒకటో నంబరు పిస్తోలును ఈయనకు అమ్మాడు. మా దాని గొట్టం అడుగున రెండు అనే అంకె ఉంది, మేమెప్పుడూ చూడలేదు. ఆయన మూగదాన్ని ఆ గుంటలో పెట్టాడు. ఇటూ అటూ కదలకుండా కూర్చుంది. ఆయన వస్తున్నాడని ఆ రోజు పని మానుకుని వచ్చిన తమ్ముడు 'అబ్బ' అన్నాడు. నాకూ గుండె ఝల్లుమంది, ఎందుకు అబద్ధం చెప్పాలి?

విడిగా అయితే ఒక ధర, జంటగా అయితే ధర సంగతే వేరట. ఎంత ఇస్తానన్నాడో ఇక్కడ రాయను. తమ్ముడికి లారీ వస్తుంది, అంత వరకు చెప్తే చాలు.

"ఒక చిన్న కాగితం కావాలి," అన్నాడు ఆయన. వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో రాసి ఉంటే తప్ప గట్టి సేకరణదారులెవరూ ముట్టుకోరట. అది నాకు నచ్చింది కూడా. లింకు దస్తావేజు లేని భూమి సంగతి నాకు చెప్పాలా? అయితే ఆ కాగితం ఆయన ముందే టైపు చేయించి తెచ్చాడు. దొర మనుమడు అప్పటికే సంతకం చేసి ఉన్నాడు. ఇటు వైపు మా అమ్మ వేలిముద్రకు చోటు వదిలారు.

చదివాను. మా అమ్మమ్మ గడీలో నమ్మకంగా పనిచేసిందట. ఆమె సేవకు మెచ్చి దొర ఈ పిస్తోలు బహుమానంగా ఇచ్చాడట.

"ఇది ఎవలు చెప్పిండ్రు సార్?"

"వాళ్ల ఇంట్లో అలా చెప్పుకుంటారటమ్మా. నాకు వేరే తెలీదు. మీ ఇంట్లో ఏమని చెప్పుకుంటారు?"

చెప్పాను. మొత్తం చెప్పాను, మేకను పిండడంతో సహా. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా విన్నాడు. విని, వారం తర్వాత వస్తాను, మీరు ఇంట్లో మాట్లాడుకోండి అని, పెట్టెను మూసి, మూగదాన్ని మళ్లీ గొంగడిలో తనే చుట్టి ఇచ్చి వెళ్లాడు. కాగితం మాత్రం మా దగ్గర వదిలాడు.

ఆ వారం తమ్ముడికీ నాకూ జరిగిన లొల్లి ఇంతా అంతా కాదు.

"అక్కా, రెండు ముక్కలే గద. ఇచ్చిండు అంటె ఏంది, గుంజుకున్నది అంటె ఏంది? ఆమె పోయి ఇరవయ్యేండ్లాయె. దొర పోయిండు. ఎవలికి నష్టం?"

"నీ లారీ మీద అమ్మ పేరు రాయిస్తనంటివి. అమ్మ చెవు పోగొట్టినోని దయ అని గూడ రాయించు."

"నీకు ప్రతిదానికి లొల్లే! నువ్వు రాసే కాగితాలల్ల అబద్ధాలుండవా? పది లక్షల జాగకు రెండు లక్షలని రాయరా మీరు?"

అక్కడ నన్ను పట్టేశాడు. రాస్తాం. నేనూ రాశాను. ఇరవై ఏళ్లుగా వాడు ఎండలో, దుమ్ములో, వేరేవాడి బండిలో నడుము విరగ్గొట్టుకుంటున్నాడు. వాడి అరచేతులు చూస్తే నాకే ఏడుపు వస్తుంది. ఒక మనిషి చనిపోయాక ఆమె గురించి రెండు మాటలు మారిస్తే, బతికున్నవాడికి లారీ వస్తుంది. నాలుగో రోజుకు నేను మెత్తబడ్డాను. సిగ్గు లేకుండా ఇంకో పని కూడా చేశాను. ఆ కాగితంలో ఇంటిపేరు తప్పు పడింది, తండ్రి పేరు ఉండాల్సిన చోట భర్త పేరు పడింది. చేతులు ఊరుకోవు కదా, బల్ల దగ్గర కూర్చుని ఆ తప్పులన్నీ దిద్ది కొత్తగా కొట్టి ఉంచాను, దొర మనుమడి సంతకం మళ్లీ పెట్టించుకోవచ్చని. అసలు అబద్ధాన్ని అలాగే ఉంచి, చుట్టూ ఉన్న చిన్న తప్పులు దిద్దాను. ముప్పై ఏళ్ల పని నాకు నేర్పింది అదా అని ఇప్పటికీ నా మీద నాకు కోపం.

వారానికి ఆయన పెట్టెతో వచ్చాడు. తమ్ముడు స్టాంపు ప్యాడ్ తెచ్చాడు. అమ్మ మంచం మీద కూర్చుని చేయి చాపింది.

"ఏడ ఎయ్యాలె బిడ్డా?"

తమ్ముడు ఆమె బొటనవేలు పట్టుకున్నాడు. ఆమెకు అప్పటిదాకా తెలిసిందల్లా పిస్తోలు అమ్ముతున్నాం, దానికేదో కాగితం ఉంది అని. ఎవరెవరో ముసలివాళ్లకు గొంతు పోయేలా చదివి వినిపించినదాన్ని, మా అమ్మ దగ్గర నోరు మూసుకుని నిలబడ్డాను.

"ఆగు," అన్నాను. "సదివినంక."

"అక్కా!"

"సదివినంక ఎయ్యనీ. నేను రాసిన కాగితం మీద సదవకుండ ఎవ్వల ఏలు పడలేదు. అమ్మది పడ్తదా?"

అమ్మ కుడి పక్కన కూర్చుని గట్టిగా చదివాను. 'మా తల్లిగారు సదరు దొరవారి గడీలో నమ్మకముగా పనిచేసినందున, ఆమె సేవకు మెచ్చి, దొరవారు దయతో ఈ పిస్తోలును బహుమానముగా ఇచ్చియున్నారు.' అక్కడ అమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

"ఎవలు మెచ్చిండ్రు?"

"దొర."

"ఎవల్ని?"

"అమ్మమ్మని."

ఆమె నవ్వింది. దగ్గు వచ్చేదాకా నవ్వింది. తమ్ముడు నీళ్లు తెచ్చాడు. తాగి, మూతి తుడుచుకుని, ఆ పెద్దమనిషి వైపు తిరిగింది. అప్పటికి ముఖంలో నవ్వు లేదు.

"సారూ, నేను మా అమ్మ సంకల ఉన్న గప్పుడు. నాకు యాదికున్నది పొగ వాసన ఒక్కటే, ఇంకేం లేదు. గని నా చెవు పోయింది. గది గూడ రాసిండ్రా మీ కాయిదంల? నా చెవు గూడ మెచ్చి ఇచ్చిన బహుమానమేనా?"

ఆయన తల వంచుకున్నాడు. తమ్ముడు ప్యాడ్ పక్కన పెట్టాడు. నేను ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాను. నా చేత్తో దిద్దిన కాగితం కదా, నా చేత్తోనే చింపాను.

"మీ బాధ అర్థమైందమ్మా," అన్నాడు ఆయన. "మీకు తోచినట్టు రాయండి. కానీ ఒక సంగతి చెప్పాలి, చెప్పకపోతే నాది తప్పవుతుంది. గుంజుకున్నది అని రాస్తే, అది వాళ్ల వస్తువే అని మీరే ఒప్పుకున్నట్టు. వాళ్లు కేసు వేయొచ్చు. వస్తువు పోవచ్చు. అలాంటి కాగితంతో నేను కొనలేను, ఇంకెవరూ కొనరు."

ఆయన చెప్పింది న్యాయంగానే చెప్పాడు. అది నాకూ తెలుసు. బహుమానం అని రాస్తే వస్తువు మాది, ధర మాది, లారీ తమ్ముడిది. గుంజుకున్నది అని రాస్తే మేం దొంగలం. మా అమ్మమ్మను దాసిగానో దొంగగానో తప్ప ఇంకోలా రాయడానికి ఆ కాగితాల్లో చోటు లేదు. నాకు నషాళానికి ఎక్కింది.

"వెయ్యమనండి సార్ కేసు. కోర్టుల ముందుగాల పొట్టేలు ఎవరిదో తేల్చమంట. పండుగపండుగకు గడీకి పోయిన పొట్టేళ్లన్ని ఎవరియో తేల్చమంట. గప్పుడు పిస్తోలు దాంక వద్దం."

"ఎయ్యరు," అంది అమ్మ. "ఎయ్యాల్నంటె ఒక ఆడిది మా తాత చేతిలకెల్లి పిస్తోలు గుంజుకున్నదని వాళ్లే రాయాలె గద. ఎట్ల రాస్తరు?"

నాకు ఎన్ని చట్టాలు తెలిస్తే ఏం లాభం, ఆ ముక్క నాకు తోచలేదు.

అమ్మ నన్ను కూర్చోబెట్టి రాయించింది. బల్ల దగ్గరికి పోలేదు, తెల్లకాగితం మీద చేత్తోనే రాశాను, చాలా ఏళ్ల తర్వాత. ఏ ఊరు, ఏ మంద, ఏ పొట్టేలు. ఎవరు పేల్చారు, ఎవరు గుంజుకున్నారు. చెవి సంగతి. జీతగాడు చెట్ల కేసి చూసిన సంగతి రాయొద్దంది, పాపం వాడేం చేస్తాడు అంది. రాశాక చదివాను, ఆమె రెండు చోట్ల ఆపి దిద్దించింది. అప్పుడు వేలిముద్ర వేసింది, కాగితం అవతలి వైపుకు దిగేంత గట్టిగా.

సాక్షి సంతకం కావాలి. తమ్ముడి వైపు చూశాను. వాడు కిటికీ బయటికి చూస్తున్నాడు. వాడికి ఆ గుంటలో కూర్చున్న పిస్తోలు కాదు, లారీ కనిపిస్తోందని నాకు తెలుసు. బలవంతం చేసే ధైర్యం నాకు లేకపోయింది. కాసేపటికి వాడే వచ్చి, పెన్ను నా చేతిలోంచి లాక్కుని, ముఖం మాడ్చుకుని సంతకం పెట్టాడు. పెట్టి, అన్నం తినకుండా మిర్యాలగూడ బస్సెక్కాడు. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పటికీ వేరేవాడి లారీయే తోలుతున్నాడు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ సంగతి ఎత్తి నన్ను నాలుగు తిడతాడు, తిట్టనీ, వాడికి ఆ హక్కుంది.

పెద్దమనిషి పెట్టె సర్దుకున్నాడు. ఖాళీ గుంట మీద ఒకసారి వేలు పెట్టి తడిమాడు. వెళ్తూ వెళ్తూ అమ్మకు దండం పెట్టి, "మీరు మనసు మార్చుకుంటే..." అన్నాడు.

"మార్చుకోను," అంది అమ్మ.

ఆయన కారు వెళ్లిపోయాక కాగితం మడిచి మా ట్రంకు పెట్టెలో పెడదామని లేచాను. అమ్మ చేయి పట్టుకుంది.

"ఇంకోటి రాయి."

"ఎందుకమ్మా? ఇగ ఆ సారు కొనడు."

"సారుకు గాదు. సూర్యాపేటల ఉన్న దొర మనుమనికి. మా అమ్మ గడీల పనిచేసిందని, దొర మెచ్చి ఇచ్చిండని వాళ్లింట్ల చెప్పుకుంటున్నరట గద. అసలు సంగతి వాళ్లకు తెల్వాలె. పంపు."

కొరివితో తల గోక్కోవడం ఎందుకని ఒక్క క్షణం అనిపించింది నాకు. కేసు వేయాలని లేనివాడికి కూడా మనమే కాగితం పంపి గుర్తు చేయడం కదా ఇది. దస్తావేజులు రాసే మనిషి ఎవరికైనా ఇచ్చే సలహా ఒకటే ఉంటుంది: నీకు ఎదురు తిరిగే కాగితం నీ చేత్తో ఎదుటివాడికి ఇవ్వకు. ఆ సలహా నేను వందల మందికి ఇచ్చాను. ఆ రోజు కూర్చుని రెండో కాగితం రాశాను. అమ్మ మళ్లీ వేలిముద్ర వేసింది. మర్నాడు పోస్టాఫీసుకు పోయి రిజిస్టర్ చేసి, ముట్టినట్టు కార్డు తిరిగి వచ్చేలా పంపాను.

పంపాక పది రోజులు నాకు అన్నం సయించలేదు. ఆఫీసు ఎదుట తెల్ల చొక్కా వేసుకున్న వకీలు ఎవరు కనిపించినా మా కోసమేనేమో అనుకున్నాను. అమ్మ మాత్రం హాయిగా తిని హాయిగా పడుకుంది.

పదకొండో రోజున పోస్టుమాన్ కార్డు తెచ్చాడు. వెనకాల నీలం సిరాతో సంతకం ఉంది, ఇంగ్లీషులో, పొడుగ్గా, ఇంటిపేరుతో సహా. కేసూ రాలేదు, నోటీసూ రాలేదు, మాది అబద్ధమని ఒక్క ముక్కా ఆ ఇంటి నుంచి ఇంతవరకు రాలేదు.

కార్డు తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్లాను. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ముట్టిందమ్మా. సంతకం వచ్చింది."

"ఎవలు పెట్టిండ్రు?"

"దొర మనుమడే."

ఆమె కార్డు తీసుకుని, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, చదవడం రాని ఆ అక్షరాల మీద మెల్లగా బొటనవేలు రాసింది.

"తన చేత్తోనే పెట్టిండా?"

"తన చేత్తోనే."

"గంతే గావాలె," అని కార్డు నాకిచ్చి, మళ్లీ చిక్కుడుకాయలు ఒలవసాగింది.